చట్టం లేని గ్రహాన్ని కట్టాలంటే ముందు తగాదాలు రాసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ట్రావెలర్ అనే అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆట నియమాలతో, బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రలో ఆడే నలుగురు మిత్రులకు ఆట నడుపుతున్నారు. సామ్రాజ్యం అంచున ఒక గ్రహం పెట్టారు. ఆట పుస్తకం గ్రహాలకు ఇచ్చే అంకెల్లో ప్రభుత్వం 0, లా లెవెల్ (చట్టం స్థాయి) 0. గనులు, సారా కొట్లు, దొంగల ముఠాలు అన్నీ పెట్టారు. అయినా రెండో సెషన్‌కల్లా ఆటంతా కాల్పులైపోయింది. ప్లేయర్లు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కాల్చి జేబులు వెతుక్కుంటున్నారు. పోలీసుల్ని పెడితే అది చట్టం లేని గ్రహం కాకుండా పోతుంది, పెట్టకపోతే ఇదీ పరిస్థితి.

ఇందులో ప్లేయర్ల తప్పేమీ లేదు. మీరు గ్రహం మీద నుంచి చట్టాన్ని తీసేశారు, దాని చోట ఇంకేమీ పెట్టలేదు. నలుగురు మనుషులు నాలుగు కాలాలు ఒకచోట బతకాలంటే ఏ నీళ్లు ఎవరివి, చచ్చినవాడి అప్పు ఎవరు తీర్చాలి, చంపినవాణ్ణి ఏం చేయాలి అన్నవాటికి ఏదో ఒక కట్టుబాటు పెట్టుకోక తప్పదు. చట్టం లేని చోట్ల కూడా కట్టుబాట్లకు కరువుండదు. ఆఖరి మాట చెప్పేవాడే ఉండడు. ఒకే తగాదాకు ముగ్గురు మూడు తీర్పులు చెబుతారు, ఎవరి తీర్పు నిలుస్తుందో ఎవరికీ తెలియదు. మంచి ఆట పుట్టేది అక్కడే. ఏళ్లుగా ఇలాంటి గ్రహాల మీద ఆటలు నడిపాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది.

ముందు ఆ సున్నాల సంగతి తేల్చుకుందాం. 1977లో వచ్చిన తొలి ట్రావెలర్ నుంచీ లా లెవెల్ చెప్పేది ముఖ్యంగా ఆయుధాల గురించి. 1 దగ్గర బాంబులు, విషవాయువు లాంటివి నిషేధం. అంకె పెరిగేకొద్దీ ఒక్కో రకం ఆయుధం తగ్గుతూ వచ్చి, 9 దగ్గరికి చేరేసరికి ఇంటి బయట ఏ ఆయుధమూ పట్టుకు తిరగకూడదు. అంటే 0 చెప్పేదల్లా తుపాకీతో తిరిగితే ఎవరూ అడ్డుకోరనే. చంపితే ఏమవుతుందో అది చెప్పదు. ఇక ప్రభుత్వం 0 పక్కన పుస్తకంలోనే ఒక ముక్క ఉంటుంది: చాలా చోట్ల కుటుంబ బంధాలే పైచేయిగా ఉంటాయని. చాలామంది జీఎంలు (మీలా ఆట నడిపేవాళ్లు) దాన్ని చదివి దాటేస్తారు. మీ ప్లేయర్లు కాల్చిన ప్రతివాడికీ అన్నదమ్ములు, మేనమామలు, వియ్యంకులు ఉంటారన్నమాట.

ఇప్పుడు చరిత్రలోంచి ఒక కేసు. 1876 ఆగస్టు 2న అమెరికాలోని డెడ్‌వుడ్ అనే బంగారు గనుల ఊళ్లో పేకాట ఆడుతున్న వైల్డ్ బిల్ హికాక్ అనే పేరుమోసిన తుపాకీవీరుణ్ణి జాక్ మెకాల్ వెనక నుంచి కాల్చి చంపాడు. మర్నాడు గనుల మనుషులే కోర్టు పెట్టి, జ్యూరీని కూర్చోబెట్టి, విచారించి మెకాల్‌ను వదిలేశారు. అయితే ఆ ఊరే అక్రమం. 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం ఆ నేల లకోటా అనే ఆదివాసీ ప్రజలది. ఊరికే హక్కు లేనప్పుడు ఊరు పెట్టుకున్న కోర్టుకు ఎక్కడిది? ఆ తీర్పు లెక్కలోకి రాదంటూ ప్రభుత్వ అధికారులు మెకాల్‌ను మళ్లీ పట్టుకుని, యాంక్టన్ అనే ఊళ్లో విచారించి, 1877 మార్చి 1న ఉరితీశారు. ఒక హత్యకు రెండు కోర్టులు, రెండు తీర్పులు. మొదటి కోర్టు నడిపినవాళ్లు నాటకం ఆడలేదు, నిజంగానే తీర్పు చెప్పామనుకున్నారు. మీ గ్రహానికి ఈ అయోమయం కావాలి.

దీనికోసం మొట్టమొదట తేల్చుకోవాల్సింది చట్టం అక్కడికి ఎందుకు రాలేకపోతోందన్నది. సాధారణంగా మూడు కారణాలు కనిపిస్తాయి: దూరం, ఆ నేల ఎవరిదో తేలకపోవడం, అక్కడ పాలన పెడితే ఖర్చు కూడా రాకపోవడం. వీటిలో ఒకటి ప్రధానంగా ఎంచుకోండి, మూడూ కలిపేస్తే ఏదీ గట్టిగా తగలదు. దూరం ఎంచుకుంటే ట్రావెలర్‌లో లెక్క తేలిక. జంప్ (నక్షత్రం నుంచి నక్షత్రానికి ఓడ వేసే గెంతు) ఎంత దూరానిదైనా దాదాపు వారం పడుతుంది, ఓడ కన్నా ముందు ఏ కబురూ పోదు. నౌకాదళం స్థావరం రెండు జంప్‌ల దూరంలో ఉంటే ఫిర్యాదు చేరడానికి రెండు వారాలు, వాళ్లు రావడానికి ఇంకో రెండు. అధికారులు ఒక్క రోజు కూడా ఆలోచించకుండా బయల్దేరినా నెల. ఆ నెల రోజులు ఊరు తన బతుకు తాను చూసుకోవాలి.

మీరు థర్డ్ ఇంపీరియం (ట్రావెలర్ పుస్తకాల్లోని నక్షత్ర సామ్రాజ్యం) నేపథ్యం వాడుతున్నారు కాబట్టి ఇంకో వరం ఉంది. స్టార్‌పోర్ట్ (అంతరిక్ష ఓడలు దిగే రేవు) కంచె లోపలి నేల సామ్రాజ్యానిది. కంచెకు ఇవతల సామ్రాజ్య చట్టం, అవతల ఏమీ లేదు. నేనైతే గేటు దగ్గరే సగం ఆట నడుపుతాను. లోపలికి పరుగెత్తుకొచ్చి ఆశ్రయం అడిగేవాళ్లు, బయటికి ఎప్పుడొస్తాడా అని కాపు కాసేవాళ్లు, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకునే గేటు గుమాస్తా. కొత్త జీఎంలు స్టార్‌పోర్ట్‌ను పెట్రోలు కొట్టించుకుని పోయే చోటుగా వదిలేస్తారు, ఎంత నష్టమో!

ఇక చాలామంది పట్టించుకోని విషయం, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది: గాలి. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. మూడు వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు రెండున్నర టన్నులు. అంగారకుడి లాంటి చోట వాతావరణ పీడనం భూమిలో ఒక శాతం కూడా ఉండదు కాబట్టి ఈ గాలంతా తయారుచేసుకోవాలి. ఒకే పెద్ద ప్లాంట్‌లో తయారవుతుంటే ఆ ప్లాంట్ తాళాలు ఎవరి దగ్గరుంటే వాడే రాజు. ఎదురు తిరిగినవాడు పారిపోయి దాక్కోవడానికి కొండలున్నా, అక్కడ ఊపిరాడదు. ఇలాంటి గ్రహం మీద చట్టం లేని ఊరు పెడితే నమ్మడం కష్టం, అది నియంత ఊరే అవుతుంది. అదే గాలి పీల్చుకోదగ్గదైతే, లేదా ప్రతి ఇంటివాళ్లూ ఒక చిన్న ఆక్సిజన్ యంత్రం నడుపుకోగలిగితే, నచ్చనివాడు మూట సర్దుకుని పోతాడు. పోగలిగిన మనిషి మీద పెత్తనం చెలాయించడం కష్టం. అందుకని ముఠాలు, పార్టీలు, నాయకుల పేర్లు రాసే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఒక కుటుంబం ఊరు వదిలి ఒంటరిగా ఎన్నాళ్లు బతకగలదు? మూడు రోజులా, మూడు నెలలా, ఎప్పటికీనా? మూడు రోజులైతే నియంతృత్వం, ఎప్పటికీ అయితే ఎవరి గూడెం వారిది. మధ్యలో మూడు నెలలు దగ్గర పెట్టుకుంటే అందరూ అందరితో బేరమాడాల్సి వస్తుంది. మీకు కావలసింది అదే.

తరువాత ఇరుకు దారి. సంపద దొరికే చోటు కన్నా, అది బయటికి పోయే దారి ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం. 1897-98లో కెనడాలోని క్లాండైక్ బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు చాలామంది దిగింది అలాస్కా తీరంలో. అక్కడి స్కాగ్వే ఊరు సోపీ స్మిత్ ముఠా గుప్పిట్లో ఉండేది. తీగలు ఎక్కడికీ పోని టెలిగ్రాఫ్ ఆఫీసు ఒకటి తెరిచి, ఇంటికి కబురు పంపుతామని జనం దగ్గర డబ్బులు గుంజేవాడని చెబుతారు. అప్పటికి ఆ ఊరికి టెలిగ్రాఫ్ లైనే రాలేదు. కొండెక్కి అవతలికి దిగితే కెనడా. చిల్కూట్ కనుమ మీద కెనడా మౌంటెడ్ పోలీసులు మెషిన్ గన్ పెట్టుకుని కూర్చున్నారు. ఏడాదికి సరిపడా సరుకు, దాదాపు టన్ను బరువు, వెంట లేనివాణ్ణి కనుమ దాటనిచ్చేవారు కాదు. అవతల డాసన్ ఊళ్లో ఆదివారం వస్తే సారా కొట్లు మూయాల్సిందే. అదే బంగారం, అదే జనం, కొండకు ఇటొక లోకం అటొక లోకం.

స్మిత్‌ను పడగొట్టడానికి సైన్యం రాలేదు. 1898 జులైలో అతని మనుషులు ఒక గని మనిషి బంగారం సంచి కాజేశారు. ఈ కబురు పైకి పాకితే బంగారంతో తిరిగొచ్చేవాళ్లంతా వేరే దారి పట్టుకుపోతారని ఊరి వర్తకులకు భయం పట్టుకుంది. జులై 8న రేవు దగ్గర జరిగిన కాల్పుల్లో స్మిత్ చనిపోయాడు. మీ గ్రహంలో ప్రతి ముఠా పక్కనా ఈ వర్తకుల లాంటివాళ్లను రాసి పెట్టుకోండి. ముఠా దేనివరకు చేస్తే వీళ్లు కళ్లు మూసుకుంటారు, ఏది చేస్తే లేచి నిలబడతారు? ఆ గీత తెలిస్తే ముఠా నాయకుడు తెలివైనవాడిలా ప్రవర్తిస్తాడు. పిచ్చివాడిలా అరిచే విలన్ అవసరం రాదు.

ఇవన్నీ కలిపి ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను, కావాలంటే మార్చి వాడుకోండి. ఎర్రటి చిన్న నక్షత్రం చుట్టూ దగ్గరగా తిరిగే గ్రహం. మనకు చంద్రుడు ఒకే ముఖం చూపించినట్టు, ఇది నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది. 2016లో కనుక్కున్న ప్రాక్సిమా బి లాంటివి ఇలా ఉండవచ్చని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు, దానికి ఏడాదంటే సుమారు 11.2 రోజులే. పగటి వైపు మాడిపోతుంది, రాత్రి వైపు గడ్డకట్టుకుపోతుంది. మధ్యలో ఎప్పుడూ మునిమాపు వేళలా ఉండే సన్నటి పట్టీలో మనుషులు బతుకుతారు. గాలి పలచన, మాస్కు ఉంటే చాలు. లోహం పగటి వైపు, మంచు రాత్రి వైపు. పట్టీ వెంబడి ఒకే బాట. ఆ బాట మీద మూడోబావి అనే ఊరు. మంచు లారీల మీద వస్తుంది, అది కరిగితేనే ఊరికి నీళ్లు.

ఇప్పుడు తగాదా. ముప్ఫై టన్నుల మంచుతో వస్తున్న లారీ ఊరికి ఒక పూట ప్రయాణం దూరంలో ఆగిపోయి ఉంది. డ్రైవర్ సీట్లోనే చనిపోయి ఉన్నాడు, ఒంటి మీద గాయం లేదు, మాస్కు ఫిల్టర్ అరిగిపోయింది. చూసింది మీ ప్లేయర్లు. బాట మీద వదిలేసిన బండి దొరికితే సరుకులో సగం దొరికినవాళ్లదని లారీవాళ్ల కట్టుబాటు. చచ్చినవాడి బండి భార్యదని ఊరి కట్టుబాటు. బండి మీద అప్పిచ్చినవాడు బాకీ తీరేదాకా బండీ సరుకూ నావే అంటాడు, అతని దగ్గర తుపాకులున్న మనుషులున్నారు. బావి కమిటీ ఆ మంచుకు ముందే అడ్వాన్సు కట్టింది, వాళ్ల చేతిలో నీళ్లున్నాయి. భార్యకు ఏముంది? ఆమె తమ్ముళ్లు, బావలు అందరూ లారీ డ్రైవర్లే. ఆమెకు అన్యాయం జరిగిందని అనుకుంటే బాట మీద ఒక్క బండి కదలదు. నలుగురి మాటలోనూ న్యాయముంది, నలుగురి దగ్గరా ఏదో ఒక బలముంది. పైగా పాత ఫిల్టర్‌ను కొత్తదని అమ్మిందెవరో ఇంకా ఎవరూ అడగలేదు. దీన్నంతా ఒక పేజీలో రాయొచ్చు, రెండు మూడు సెషన్లు నడుస్తుంది. ఇలాంటివి నాలుగు రాసుకుంటే చాలు, మ్యాపు, చరిత్ర, నాయకుల పుట్టుపూర్వోత్తరాలు వాటంతట అవే తేలుతాయి. నీళ్లు లేదా గాలి గురించి ఒకటి, నేల హక్కు గురించి ఒకటి, అప్పు గురించి ఒకటి, హత్య గురించి ఒకటి.

నేల హక్కుకు నమూనా కావాలంటే కాలిఫోర్నియా గనుల క్యాంపులు చూడండి. 1849 తరువాత అక్కడ ఎవరి క్యాంపు వాళ్లే సమావేశం పెట్టుకుని, ఒక మనిషికి ఎంత జాగా, ఎన్నాళ్లు పని ఆపితే హక్కు పోతుంది అని తీర్మానించుకున్నారు. పని చేస్తున్నంతకాలమే జాగా నీది. ఒక ప్లేయర్ గాయపడి మంచం మీదుంటే అతని జాగాలో రోజూ ఎవరో ఒకరు పార వేయాలి, ఆ ఒక్క నియమంతో ఎంత టెన్షన్ పుడుతుందో ఆడించి చూడండి.

ఇక మీ అసలు బాధ, కాల్పులు. దీనికి నేను వాడే మందు పూచీ. కొత్తగా దిగినవాడికి ఊళ్లో ఎవరూ గది ఇవ్వరు, నీళ్లు అమ్మరు, సరుకు కొనరు, ఊరివాడొకడు పూచీ పడితే తప్ప. ఆట మొదట్లోనే ప్రతి క్యారెక్టర్‌కూ ఒక మనిషి పూచీ పడినట్టు రాయించండి. వాళ్లెవరో, ఎందుకు పూచీ పడ్డారో ప్లేయరే చెప్పాలి. క్యారెక్టర్ చేసిన నష్టానికి పూచీ పడినవాళ్లు కట్టుకోవాలి, కట్టుకోలేకపోతే వాళ్లకూ నీళ్లు బంద్. మా టేబుల్ మీద ఒక ప్లేయర్ సత్రం నడిపే ముసలమ్మను తన పూచీదారుగా రాసుకున్నాడు. సారా కొట్లో గొడవై తుపాకీ తీశాడు. "కాల్చు, కానీ కాలిస్తే అవ్వ సత్రం పోతుంది" అన్నాను. తుపాకీ లోపల పెట్టి, పక్కనున్నవాణ్ణి మధ్యవర్తిగా పిలిచాడు. ఆ సెషన్‌లో ఒక్క తూటా పేలలేదు, పోలీసు ఒక్కడూ లేడు, గ్రహం మాత్రం అంత ప్రమాదకరంగా అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

తీర్పు అమలు ఎవరు చేస్తారన్నదానికి ఐస్‌లాండ్ నుంచి ఒక పద్ధతి తెచ్చుకోవచ్చు. సుమారు 930 నుంచి 1262 దాకా అక్కడ రాజు లేడు, పోలీసు లేడు. ఆల్తింగ్ అనే సభలో తీర్పు చెప్పేవారు, అమలు చేసుకోవడం మాత్రం గెలిచినవాడి పని. బలం లేనివాడు తన దావాను బలమున్నవాడికి అప్పగించేయవచ్చు. పూర్తి వెలి పడ్డవాణ్ణి ఎవరు చంపినా అడిగేవాడు లేడు. దావా చేతులు మారడం అన్నది ఆటకు బంగారం లాంటి నియమం. మీ ప్లేయర్లు పేదవాళ్ల దావాలు చవగ్గా కొని వసూలు చేసుకునే మనుషులు కావచ్చు. కిరాయి తుపాకుల కన్నా ఇది మంచి ఉద్యోగం, ఎందుకంటే ప్రతి పనికీ ముందు కథ వినాలి, సాక్షుల్ని వెతకాలి, అవతలివాడి బలం అంచనా వేయాలి.

ఒక మాట బలంగా చెప్పాలి. సరిహద్దు గ్రహం అనగానే ఖాళీ నేల అని రాసేయకండి. డెడ్‌వుడ్ కింద లకోటాల నేల ఉంది. మీ గ్రహం మీద పరాయి జీవులో, మూడు తరాల ముందు దిగి తెగిపోయిన వలసవాళ్లో ఉంటే, వాళ్లకు అక్కడ చట్టం ఎప్పటినుంచో ఉంది, చట్టం లేనిది కొత్తగా వచ్చినవాళ్లకే. చట్టం రావడం కూడా అందరికీ మేలు కాదు. మన దగ్గరే 1879 రంప తిరుగుబాటు చూడండి. మన్సబ్‌దారు (అక్కడి జమీందారు) వసూళ్లు, కల్లు మీద పన్ను, పోలీసుల పీడన ఒక ఎత్తు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి చిన్న చిన్న అప్పులకు పశువుల్ని తోలుకుపోవడం ఇంకో ఎత్తు. మన్యం మనిషికి తెలియని భాషలో, తాను వెళ్లని ఊళ్లో, తన మీద తీర్పు వచ్చేసేది. మీ క్యాంపెయిన్ (సెషన్ల మీదుగా సాగే మొత్తం కథ) రెండో భాగానికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ నాకు తెలియదు: మేజిస్ట్రేటు ఓడ దిగుతాడు, నిజాయితీపరుడే, కాగితాలన్నీ సక్రమమే, వాటితో లాభపడేది మాత్రం అప్పిచ్చినవాడు.

ఎంత రాసుకోవాలి అంటే, తక్కువ. స్టార్స్ వితౌట్ నంబర్ అనే ఇంకో అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆట పుస్తకం మీ దగ్గరుంటే అందులోని వరల్డ్ ట్యాగులు (గ్రహం స్వభావం చెప్పే గుర్తులు) రెండు తీసుకోండి. ప్రతి ట్యాగుకూ శత్రువులు, మిత్రులు, చిక్కులు, వస్తువులు, చోట్లు ఉంటాయి. రెంటినీ ఢీకొట్టిస్తే ఒక ఊరు తయారవుతుంది. గ్రహమంతా రాయొద్దు. ఒక ఊరు, ఒక బాట, ఒక గేటు, నాలుగు తగాదాలు. పేరున్న మనుషులు పది మంది దాటితే ప్లేయర్లకు గుర్తుండరు. ప్రతివాడి పక్కనా రెండే ముక్కలు రాయండి: ఎవరికి బాకీ, ఎవరికి పూచీ. వాతావరణం, జంతువులు, పండగలు ఆటలో అడిగినప్పుడు చెప్పుకోవచ్చు.

ఇప్పటికే ఆడేసిన రెండు సెషన్లను చెరిపేయకండి. మీ ప్లేయర్లు చంపినవాళ్ల జాబితా తీయండి, ప్రతి పేరు పక్కనా ఒక బంధువును రాయండి. ఆ బంధువుల్లో చాలామంది భయస్తులు, పేదవాళ్లు, పగ తీర్చుకునే ఓపిక లేనివాళ్లు. అందుకని వాళ్లంతా తమ దావాల్ని ఒకే మనిషికి అమ్మేశారు. వచ్చే సెషన్ మొదట్లో ఆ మనిషి తుపాకీ లేకుండా, ఒక గుమాస్తాతో వచ్చి, ప్లేయర్ల బల్ల దగ్గర కూర్చుని, పేరు పేరునా లెక్క చదవాలి. మొత్తం ఎంతో చెప్పి, కట్టగలరా అని అడగాలి. కట్టలేకపోతే తన దగ్గరో పని ఉందనాలి: బాట మీద ఒక మంచు లారీ ఆగిపోయి ఉంది, అది ఇంకెవరి కంటా పడకముందే తేవాలి. అతన్ని కాల్చేస్తే దావాలు ఎవరికి పోతాయో కూడా గుమాస్తా దగ్గర కాగితం మీద రాసి ఉంటుంది. అది బావి కమిటీ అయితే మరీ మంచిది.